రేడియో బాధ: చెప్పవలసిన తీరు

“మా రేడియో సరిగా పలుకుట లేదు. వెంటనే తగిన చర్య తీసికొనవలెనని ప్రార్థన.” శ్రోత ఒకరు మాకిట్లు వ్రాసినారనుకొందము. వారి బాధ నిజమైనదే. ఇంటిల్లిపాదియు కూర్చుండి వినదలచిన నాటకము చెడిపోయినది. కాని ఈ రెండు వాక్యములను ముందు పెట్టుకొని ఇంజనీరు చేయగలిగినదేమి? ఏ కేంద్రము పలుకుట లేదు? ఏ దినమున, ఏ వేళ? అసలే పలుకలేదా, ఆగి ఆగి పలికినదా, గరగరలతో పలికినదా? ఇవి తెలియనంతవరకు ఆయన సానుభూతి చూపగలడే గాని సాయము చేయలేడు.

మొదట విన్నది చెప్పవలెను, ఊహించినది తరువాత. “మీ ట్రాన్స్‌మిటరు బలహీనమైనది” అనునది ఊహ. “వార్తలు మొదలైన పది నిమిషములకు ధ్వని సన్నగిల్లి, మరల హెచ్చినది” అనునది విన్న సంగతి. ఊహ తప్పు కావచ్చును. చదువువానిని తప్పుదారి పట్టింపవచ్చును. విన్న సంగతి ఎప్పటికిని అక్కరకు వచ్చును.

వేళ చెప్పుట ఏల యనగా, మీడియం వేవ్ తరంగములకు పగలొక నడక, రాత్రి యొక నడక. పగటివేళ ఆకాశమున సుమారు 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున నుండు ఒక పొర, పైకి పోవు తరంగములను మ్రింగివేయును. నేలవెంబడి వచ్చునవే మనకు దక్కును. సూర్యుడు అస్తమించిన పిదప ఆ పొర దాదాపు మాయమగును. అప్పుడు తరంగములు ఇంకను పైనున్న పొరలవరకు పోయి, వంగి, వందల కిలోమీటర్ల దూరమున దిగును. కనుకనే రాత్రులందు దూరపు కేంద్రములు వచ్చి మన కేంద్రముపై బడును. ధ్వని హెచ్చి తగ్గుచుండును. “రాత్రి మాత్రమే” అన్న ఒక్క మాటతో, సెట్టును విప్పనక్కరలేదని తెలియవచ్చును. ఆ మాట లేకున్న, మంచి సెట్టు మరమ్మతుకు పోయి చెడి తిరిగివచ్చును.

అంకెలను జాగ్రత్తగా వ్రాయవలెను. హైదరాబాదు కేంద్రమునకు కేటాయించినది 738 కిలోహెర్ట్‌జులు, విజయవాడకు 837. అంకెలు అవే, వరుస తిరుగబడినది. పాత సెట్ల డయలుపై మీటర్లుండును: మొదటిది సుమారు 406, రెండవది సుమారు 358. ఏ కొలతయో చెప్పక అంకె మాత్రము వ్రాసినచో చిక్కు వచ్చును.

ఉత్తరము వ్రాయుటకు ముందు ఇంటియందే నాలుగు పరీక్షలు చేయవచ్చును. ఒకటి: మరియొక కేంద్రమును పట్టి చూడుడు. అన్నియు చెడియున్న యెడల లోపము సెట్టునందో ఇంటియందో యుండును. ఒక్కటే చెడిన యెడల ఆ కేంద్రమునందో దారియందో యుండవచ్చును. రెండు: సెట్టునకు బ్యాటరీ సదుపాయమున్న, కరెంటు తీసి బ్యాటరీపై వినుడు. ఝుమ్మను మ్రోత పోయినచో అది కరెంటు తీగవెంట వచ్చినదే. మూడు: ఇంటిలోని ఎల్ఈడీ దీపములను, ఫోను ఛార్జర్లను ఒక్కొక్కటిగా ఆర్పి చూడుడు; వానిలో కొన్ని మీడియం వేవ్‌పై గరగరను చల్లును. నాలుగు: ట్రాన్సిస్టరును మెల్లగా ప్రక్కకు త్రిప్పుడు. దాని లోపలి ఏరియల్ ఒక దిక్కున హెచ్చుగను, మరియొక దిక్కున తక్కువగను గ్రహించును. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు కలిపి చేసిన, దేనివలన గుణమిచ్చినదో తెలియదు. కరెంటు సెట్టు వెనుక పలకను మాత్రము మీరు విప్పవలదు.

ఇక ఉత్తరపు మాదిరి: “ఈ నెల 12వ తేదీ రాత్రి 8 గంటలు మొదలు 8.30 వరకు 738 కిలోహెర్ట్‌జులపై విన్నాము. మాది బ్యాటరీ ట్రాన్సిస్టరు. బయటి ఏరియల్ లేదు. ఎడతెగని గరగర యుండెను. ఇతర కేంద్రములలోను అట్లే. ముందుగది దీపము ఆర్పగనే ఆగినది. మాయూరు కేంద్రమునకు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. దీపమును మార్చినచో చాలునా?” ఇట్టి ప్రశ్నకు ఒక్క వాక్యముతో బదులు చెప్పవచ్చును: చాలును. ఫోనుమీద చెప్పినను, దుకాణమున మెకానిక్కుతో చెప్పినను క్రమమిదియే.

ట్రాన్స్‌మిటరు చెంతనున్న ఇంజనీరుకు ప్రసారము ఎప్పుడును గట్టిగానే వినవచ్చును. నలుబది కిలోమీటర్ల అవతల మీ వసారాలో అది ఎట్లు వినవచ్చుచున్నదో మీ చెవులే చెప్పవలెను. వేరువేరు ఊళ్లనుండి పదిమంది ఒకే వేళను, ఒకే లోపమును వ్రాసినచో, తప్పు మాదేమోయని మేము మొదట చూచుకొనవలసి యుండును. గుణమిచ్చిన పిదప ఏది చేయగా గుణమిచ్చినదో ఒక కార్డు వ్రాయుడు. అదే బాధతో వ్రాయు మరియొక శ్రోతకు మేము చెప్పవలసిన జవాబు అందులోనే యుండవచ్చును.