కత్తెరా, కొడవలా?

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇంటి ముందు రెండు మూడు సెంట్ల పచ్చిక పెంచుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. పాత గడ్డి మిషన్ మూలపడి కొత్తది కొనాల్సి వస్తే అందరూ ముందు మోటారు సంగతే అడుగుతారు. అడగాల్సింది బ్లేడు సంగతి. లాన్ మూవర్లకి ఎన్ని కంపెనీలున్నా జాతులు మాత్రం రెండే. ఒకటి కత్తెర పద్ధతిలో కోస్తుంది, రెండోది కొడవలి విసురుతో నరుకుతుంది. ఈ రెండింటి పోటీ ఇంకా తేలలేదు.

కత్తెర జాతి మిషన్ ఒకటి విప్పి బల్ల మీద పెడితే ఒక కుర్రాడు అడిగాడు: “బ్లేడ్లు తిన్నగా పెట్టొచ్చు కద మేస్టారూ, ఇలా మెలితిప్పడం ఎందుకు?” మంచి ప్రశ్న. దానికి జవాబు తోటలో దొరకదు, బట్టల మిల్లులో దొరుకుతుంది.

మన పొందూరు ఖద్దరు పనితనం నేతకి ముందే కనిపిస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్నని నూలు వడకడం అక్కడి ప్రత్యేకత. ఉన్ని గుడ్డకి అసలు తంటా నేత అయ్యాక మొదలవుతుంది. దాని మీద లేచిన నూగునంతా ఒకే మట్టానికి కత్తిరిస్తే గాని నునుపు రాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఈ పని బరువైన పెద్ద కత్తెరలతో చేతిమీద జరిగేది. యంత్రాలొచ్చి ఆ కూలి పోతోందని 1812లో యార్క్‌షైర్ పనివాళ్లు వాటిని పగలగొట్టారు కూడా. 1815లో స్ట్రౌడ్ దగ్గర జాన్ లూయిస్ మెలితిరిగిన బ్లేడ్లున్న సిలిండరుతో నూగు కత్తిరించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ ప్రాంతపు మిల్లుల్లోనే పనిచేసే ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్‌కి అది చూశాక ఒక ఆలోచన తట్టింది. గుడ్డ మీది నూగు కోసేది నేల మీది గడ్డిని ఎందుకు కోయదు? 1830లో లాన్ మూవర్‌కి పేటెంటు పొందాడు. స్క్రూ తిప్పి దవడ జరుపుకునే స్పానర్ తయారుచేసిందీ ఈయనే.

ఇప్పుడు మెలిక సంగతి. సిలిండరు కింద కదలని ఉక్కు పట్టీ ఒకటుంటుంది. తిరిగే బ్లేడు గడ్డిపోచను వంచి ఆ పట్టీ మీదికి తెస్తుంది. రెండు అంచుల మధ్య పోచ తెగుతుంది. బ్లేడు తిన్నగా ఉంటే పట్టీ పొడవునా ఉన్న గడ్డంతా ఒక్క క్షణంలో తెగాలి. అప్పుడు తోసేవాడి చేతికి దెబ్బ మీద దెబ్బ తగులుతుంది. మెలితిరిగి ఉంటే బ్లేడు పట్టీని ఏ క్షణానికైనా ఒక్క చోటే తాకుతుంది. ఆ చోటు ఈ చివరినుంచి ఆ చివరికి జారుతూ పోతుంది. ఒక బ్లేడు పని ముగిసే వేళకి తర్వాతిది మొదలుపెడుతుంది. అందువల్ల భారం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, మనిషి తోస్తే సరిపోతుంది.

ఇంతకన్నా నాకు నచ్చిన సంగతి పళ్లచక్రాలది. బడ్డింగ్ మిషన్‌లో వెనక రోలరు ఒక చుట్టు తిరిగితే బ్లేడ్ల సిలిండరు పదహారు చుట్లు తిరిగేది. ఇప్పటి తోపుడు మిషన్ లెక్క చూద్దాం. చక్రం వ్యాసం 25 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టుకి నేల మీద దాదాపు 78 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ లోపు అయిదు బ్లేడ్ల సిలిండరు ఆరు చుట్లు తిరిగితే ముప్పై కోతలు పడతాయి. అంటే కోతకీ కోతకీ మధ్య 2.6 సెంటీమీటర్లు. మీరు మెల్లగా నడిచినా పరుగెత్తినా ఈ దూరం మారదు, ఎందుకంటే సిలిండరును తిప్పేది చక్రమే. ఈ దూరం గడ్డి ఎత్తుకి దగ్గరగా ఉండాలన్నది సూత్రం. ఎక్కువైతే పచ్చిక మీద అలలు తేలతాయి. క్రికెట్ పిచ్‌లకి, గోల్ఫ్ గ్రీన్‌లకి బ్లేడ్లు ఎక్కువున్న సిలిండర్లు వాడేది అందుకే.

కొడవలి జాతికి కింద పట్టీ లేదు. ఒకే బ్లేడు నేలకి సమాంతరంగా గిర్రున తిరుగుతుంది. మరి పోచను పట్టి ఉంచేదెవరు? దాని జడత్వమే. పోచ వంగేలోపు బ్లేడు దాన్ని దాటిపోవాలి. 18 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొన గంటకి సుమారు 260 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంత వేగానికి మోటారు తప్పదు. బ్లేడు మొద్దుబారితే పోచ తెగదు, చిరుగుతుంది. మర్నాటికి కొనలు గోధుమరంగుకి తిరుగుతాయి. అయితే మోకాలెత్తు గడ్డి ముందు సిలిండరు చేతులెత్తేస్తుంది, పోచలు దాని కింద పడుకుంటాయి. కొడవలి జాతి మాత్రం వెనకాడదు.

మిగతా కథ త్వరగా చెప్పేయొచ్చు. 1952లో సిడ్నీలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ ఖాళీ పీచ్ పళ్ల డబ్బాను పెట్రోలు ట్యాంకుగా బిగించి చేసిన విక్టా మిషన్ కొడవలి జాతిని ఇంటింటికీ చేర్చింది. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ కార్లు కడిగే చోట తిరిగే బ్రష్షులు చూసి నైలాన్ దారంతో కోసే యంత్రం చేశాడు. మన జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కలుపు కోసే బ్రష్ కట్టర్‌కీ ఆ దారం బిగిస్తారు. 1995లో హుస్క్‌వర్నా కంపెనీ గడ్డి కోసే సోలార్ రోబోను తెచ్చింది.

ఇక మనకేది? మన పచ్చికల్లో ఎక్కువగా కనిపించేవి గరిక జాతులు, కొరియన్ గ్రాస్. రెండూ నేలబారుగా పాకేవే, పొట్టికోతకి ఓర్చుకునేవే. మూడు సెంట్ల లోపు చదునైన స్థలమై, వానాకాలంలోనూ వారం తప్పకుండా కోస్తాననుకుంటే తోపుడు సిలిండర్ మిషన్ కొనండి. కరెంటు అక్కర్లేదు, తడిగడ్డి మీద వైరు ఈడ్చే ప్రమాదం లేదు. వారాలు దాటిపోయే ఇల్లయితే, నేల ఎగుడుదిగుడైతే కరెంటుతో నడిచే కొడవలి జాతే మేలు. దానికి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్.సి.సి.బి. ఉన్న ప్లగ్గు పెట్టించుకోండి, గడ్డి ఆరాకే కోయండి. భీమిలి, కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లకైతే ఇనుప రేకు బాడీ వద్దు. బ్రష్ కట్టర్ గట్ల మీదికే గాని పచ్చిక మీదికి కాదు, దాంతో సమమైన మట్టం రాదు.

కొట్టుకి వెళ్లేటప్పుడు పాత పేపరు ఒకటి పట్టుకెళ్లండి. సన్నని ముక్క చించి సిలిండరుకీ పట్టీకీ మధ్య పెట్టి, వేళ్లు దూరంగా ఉంచి, చక్రాన్ని మెల్లగా తిప్పమనండి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడ పెట్టినా శుభ్రంగా తెగితేనే డబ్బివ్వండి. కొడవలి జాతి కొంటే మాత్రం విడి బ్లేడు ఆ ఊళ్లోనే దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి.