అభిమానుల అంకెలు

చెడ్డ సినిమాకు కూడా శ్రద్ధగా లెక్కలు కట్టేవారున్నారు. ఆ పట్టికల్ని వెర్రి అని కొట్టిపారేసే విమర్శకులు ఒకసారి వాటిని చదవడం మంచిది.

ఒకప్పుడు లెక్క రోజుల్లో ఉండేది: ఎన్ని కేంద్రాల్లో 50, ఎన్నిట్లో 100. హాలు మారకుండా ఆడితే 'డైరెక్టు', మరో హాలుకు మార్చి ఆడిస్తే 'షిఫ్టు'. ఈ తేడాను అభిమానులు పట్టుబట్టి పాటించారు. వందరోజుల ఆట కరువయ్యాక లెక్క రూపాయల్లోకి మారింది. వసూలైన మొత్తం గ్రాసు. పన్నూ హాలు అద్దే పోగా పంపిణీదారుకు మిగిలేది షేరు. అది కొన్న ధరకు చేరకపోతే ఎంత పెద్ద నటుడి చిత్రమైనా నష్టమే.

నైజాం, సీడెడ్‌లతో పాటు ఈస్ట్, వెస్ట్ అని మన గోదావరి సీమకు రెండు గళ్ళు. 2022లో ప్రభుత్వం ఈ జిల్లాలను చీల్చి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలను ఏర్పరచినా పట్టికలో గళ్ళు మారలేదు. అది పంపిణీ వ్యాపారం గీసిన సరిహద్దు. అభిమాని దాన్నే తన సీమ పరువుగా మోస్తున్నాడు. అయినా నిర్మాత ప్రకటించిన అంకెను నమ్మక నిలదీసేదీ అతడే.

కథ ఎవరి పక్షాన నిలిచిందన్న గడి అతని పట్టికలో లేదు, నిజమే. మన కథాసంకలనాల్లో డెల్టా కౌలురైతు ఎన్ని కథల్లో ఉన్నాడో లెక్కకట్టిన సమీక్షకులు ఎందరు?