చూస్తే బ్యాంజో.. పట్టుకుంటే యుకులేలే! ఈ బుల్లి వాయిద్యం కొనేముందు ఇవి తెలుసుకోండి

రీల్స్ చూస్తుంటే ఎప్పుడైనా గమనించారా? చిన్న డప్పుకి మెడ తగిలించినట్టు ఓ వాయిద్యం.. మీటితే చాలు, గలగలమంటూ ఇల్లంతా మోగిపోతుంది. కొందరు దాన్ని బ్యాంజో అంటారు, ఇంకొందరు యుకులేలే అంటారు. నిజానికి ఆ రెండూ కలిస్తేనే ఇది. పేరు బ్యాంజో యుకులేలే, ముద్దుగా బ్యాంజోలేలే. తేడా తెలియక ఒకటి అనుకుని ఇంకొకటి కొనేస్తే డబ్బులు పోవడమే కాదు, నేర్చుకోవాలన్న ఉత్సాహమూ పోతుంది. అందుకే ముందే క్లారిటీ తెచ్చుకుందాం.

ఎలా పుట్టింది?

1879లో పోర్చుగల్‌కు చెందిన మడైరా దీవి నుంచి కొందరు పని కోసం హవాయికి వలస వెళ్లారు. వాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న తీగ వాయిద్యాల నుంచే యుకులేలే వచ్చింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన భారీ ఎగ్జిబిషన్‌తో అమెరికా మొత్తం దానికి ఫిదా అయిపోయింది. బ్యాంజో కథ వేరు. దాని మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. బానిసలుగా అమెరికా ఖండానికి తరలించిన ఆఫ్రికన్ల చేతుల్లో అది రూపుదిద్దుకుంది.

ఇక్కడే అసలు సమస్య. యుకులేలే సౌండ్ చాలా మెత్తన. పెద్ద హాల్లో, మిగతా వాయిద్యాల మధ్య అస్సలు వినిపించదు. అందుకే 1910ల చివర్లో యుకులేలే మెడకి బ్యాంజో శరీరాన్ని జోడించారు. ఆల్విన్ కీచ్ ‘బంజులేలే’ అనే పేరుతో వీటిని అమ్మాడు. ఆ తర్వాత బ్రిటన్ కమెడియన్ జార్జ్ ఫార్మ్‌బీ సినిమాల్లో దీన్ని వాయిస్తూ ఇంటింటికీ చేర్చాడు. బీటిల్స్ జార్జ్ హారిసన్ కూడా ఆయన అభిమానే!

మిగతావాటితో తేడా ఏంటి?

యుకులేలే: తీగలు నాలుగు, శృతి కూడా ఒకటే.. జి, సి, ఇ, ఎ. అంటే యుకులేలే వచ్చినవాళ్లు బ్యాంజోలేలేని కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. తేడా అంతా శబ్దంలోనే. చెక్క యుకులేలే స్వరం కాస్త సాగుతుంది. బ్యాంజోలేలే స్వరం ఠంగున మోగి వెంటనే ఆగిపోతుంది. అందుకే నెమ్మది మెలోడీల కంటే హుషారైన పాటలకి ఇది బాగా సెట్ అవుతుంది.

ఐదు తీగల బ్యాంజో: ఇది సైజులో చాలా పెద్దది, తీగలు ఉక్కువి. ఐదో తీగ పొట్టిగా ఉండి మెడ మధ్యలో మొదలవుతుంది. శృతి వేరు, వేళ్ల టెక్నిక్ కూడా వేరు.

మాండలిన్: ఇందులో ఎనిమిది ఉక్కు తీగలు జంటలుగా ఉంటాయి. వయొలిన్ శృతి, ప్లెక్ట్రమ్‌తో వాయించాలి. మన పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ దీన్నే ఎలక్ట్రిక్ రూపంలో కర్ణాటక సంగీతానికి పరిచయం చేశారు.

మన దగ్గరి ‘బ్యాంజో’: ఇక్కడే చాలామంది పొరబడతారు. మన దేశంలో బ్యాంజో అని పిలిచే బుల్‌బుల్ తరంగ్‌కి టైప్‌రైటర్ లాంటి మీటలుంటాయి. అది జపాన్ తైషోగోతో నుంచి వచ్చింది. దీనికీ దానికీ పేరు తప్ప సంబంధం లేదు.

నాలుగు కార్డ్స్‌తో మొదలుపెట్టండి

నేల వైపు ఉండేది మొదటి తీగ, గడ్డం వైపు ఉండేది నాలుగోది. మొదటి తీగ మూడో మెట్టు నొక్కితే ‘సి’ కార్డ్. నాలుగో తీగ రెండో మెట్టు నొక్కితే ‘ఎ మైనర్’. దానికి రెండో తీగ మొదటి మెట్టు కలిపితే ‘ఎఫ్’. ఇక మూడో తీగ రెండో మెట్టు, రెండో తీగ మొదటి మెట్టు, మొదటి తీగ రెండో మెట్టు కలిపి నొక్కితే ‘జి సెవెన్’. ఈ నాలుగు వస్తే సులువైన పాటలు బోలెడు వాయించేయొచ్చు. కుడిచేతి చూపుడువేలి గోరుతో కిందికి, వేలి కండతో పైకి మీటాలి. స్వరం త్వరగా ఆగిపోతుంది కాబట్టి పాటని నిలబెట్టేది ఆ లయే.

‘పాడైపోయింది’ అనుకోకండి

కొత్తగా కొన్నవాళ్ల కామన్ కంప్లైంట్.. శృతి చేసినా పై మెట్లలో అపశృతి వస్తోందని. చాలాసార్లు తప్పు వాయిద్యానిది కాదు. దీని బ్రిడ్జిని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. రవాణాలో కాస్త జరిగినా స్వరం తేడా వస్తుంది.

చెక్ చేయడం ఈజీ. 12వ మెట్టు దగ్గర తీగ నొక్కి మీటండి. తర్వాత సరిగ్గా ఆ మెట్టు కమ్మీ మీద వేలు తేలిగ్గా ఆనించి మీటి, వెంటనే తీసేయండి. రెండూ ఒకే స్వరం పలకాలి. నొక్కినప్పుడు స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని మెడకి కాస్త దూరం జరపాలి, తగ్గితే దగ్గరికి తేవాలి. జరిపే ముందు తీగలు కొంచెం వదులు చేయడం మర్చిపోవద్దు.

సౌండ్ డల్‌గా ఉంటే తల భాగం వదులైందేమో చూడండి. డప్పు కళాకారులు నిప్పుసెగ చూపి బిగువు తెస్తారు కదా.. ఇక్కడ ఆ పని చుట్టూ ఉండే మరలు చేస్తాయి. ఎదురెదురు మరలను కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేవైపు బిగిస్తూ పోతే ప్రమాదమే. పాత తోలు రకాలు వానాకాలంలో వదులవుతాయి, ఇప్పటి ప్లాస్టిక్ తలలకి ఆ బాధ తక్కువ. ఇంకో మాట.. నైలాన్ తీగల కోసం చేసినదానికి ఉక్కు తీగలు వేస్తే మెడ వంగిపోవచ్చు.

పక్కింటివాళ్ల సంగతేంటి?

పి.జి.వుడ్‌హౌస్ 1934 నవల ‘థాంక్యూ, జీవ్స్’లో హీరో బ్యాంజోలేలే మోత భరించలేక నమ్మకస్తుడైన జీవ్స్ ఉద్యోగమే వదిలేస్తాడు! అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఈ ఇబ్బంది తప్పదు. వెనక మూత లేని రకమైతే తల వెనకాల మెత్తని గుడ్డ కుక్కండి, శబ్దం బాగా తగ్గుతుంది. రాత్రిళ్లు ప్రాక్టీస్ చేసేవాళ్లకి, మెత్తని స్వరం ఇష్టపడేవాళ్లకి చెక్క యుకులేలేనే బెటర్. పదిమంది పాడుతున్నా మైకు లేకుండా వినిపించాలనుకుంటే మాత్రం.. బ్యాంజోలేలేనే మీ ఛాయిస్!