చప్పుడు లేని కంప్యూటరు.. చౌకగా లినక్స్‌తో

మేడ్చల్, శామీర్‌పేట: విండోస్‌-10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయినా పాత కంప్యూటరును పారవేయనక్కర లేదు. లైసెన్సు రుసుము లేని లినక్స్‌ అందులో చాలావరకు నడుస్తుంది. సీ-డాక్‌ రూపొందించిన బాస్‌ లినక్స్‌లో తెలుగు సౌకర్యమూ ఉంది.

కొత్తగా కూర్పించుకునేవారు గ్రాఫిక్స్‌ ఇమిడి ఉన్న ప్రాసెసర్‌ను ఎంచుకోవాలి. విడి కార్డు ఖర్చు, దాని ఫ్యాను రొద రెండూ తప్పుతాయి. తిరిగే హార్డ్‌డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ అమరిస్తే చప్పుడు పోయి వేగం పెరుగుతుంది. 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా తగినంత గాలినిస్తుంది. దుమ్ము పేరుకుంటే మోత తిరిగి మొదలవుతుంది గనుక తరచూ శుభ్రపరచాలి. నాసిరకం పవర్‌ సప్లయ్‌ మాత్రం కొనరాదు.

లినక్స్‌ను ముందుగా పెన్‌డ్రైవ్‌ నుంచి నడిపి చూడవచ్చు. ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయని నిర్ధారించుకొని, పిల్లల ఫొటోలు, పత్రాలు వేరేచోట భద్రపరచిన తరువాతే డిస్కులో ఎక్కించాలి. లేనిపక్షంలో అవి తిరిగి రావు.