ఎవరి వేగం, ఎవరి పాఠం? – వైయక్తిక బోధన, యంత్రం, తెలుగు తరగతి

విద్యారంగంలో కొన్ని మాటలు మెల్లగా వచ్చి తిష్ఠ వేస్తాయి. వినడానికి మంచి మాటలు కావడం వల్ల వాటినెవరూ ప్రశ్నించరు. ‘వైయక్తిక బోధన’ అలాంటి మాట. పర్సనలైజ్డ్ లెర్నింగ్ అంటున్నారు. ప్రతి విద్యార్థికీ తన స్థాయికి తగిన పాఠాన్ని, తన వేగానికి తగినట్టు, కంప్యూటరు ద్వారానో ట్యాబు ద్వారానో అందించడం దీని సారాంశం. యంత్రమనగానే విముక్తి అనేవాళ్లూ, యంత్రమనగానే ముప్పు అనేవాళ్లూ మన మధ్య ఉన్నారు. ఈ రెండు వైఖరులూ పరిశీలనకు సెలవిచ్చినవే. ఈ ఆలోచన ఏ అవసరంలోంచి పుట్టింది, యంత్రం నిజానికి ఏం చేస్తుంది, ఏం చెయ్యలేదు, భాషాసాహిత్యాల బోధనలో దాని హద్దు ఎక్కడ – వీటిని వరుసగా చూద్దాం.

1. అవసరం నిజమైనదే

తరగతి అనే ఏర్పాటు పిల్లల్ని వయసును బట్టి ఒకచోట చేరుస్తుంది. పాఠ్యప్రణాళికను ఏడాదుల వారీగా పంచుతుంది. ఏడాది తిరిగేసరికి పిల్లలు పై తరగతికి వెళతారు; వారితోపాటు వారి చదువు కూడా వెళ్లిందా అన్నది వేరే ప్రశ్న. 2015లో ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ జరిపిన అధ్యయనం ఈ అంతరాన్ని కొలిచి చూపింది. ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులయింది. అంటే తొమ్మిదో తరగతి పుస్తకం సంచిలో వేసుకుని వచ్చే సగటు పిల్లవాడు నిజానికి నాలుగో తరగతికీ ఐదో తరగతికీ మధ్య నిలబడి ఉన్నాడు.

ఇది ఉపాధ్యాయుడి సోమరితనం కాదు. సిలబస్ పూర్తిచెయ్యమని పైనుంచి ఒత్తిడి. గదిలో నలభై మంది. ఆ నలభై మందివీ నాలుగైదు వేర్వేరు స్థాయులు. పాఠం ముందు బెంచీని చూసుకుని నడిచిపోతుంది. వెనక బెంచీ మౌనంగా ఉంటుంది. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లవాడికి ట్యూషను దొరుకుతుంది. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లకు ఆ గది తప్ప వేరే దిక్కు లేదు. కనుక ‘అందరికీ ఒకే పాఠం’ అన్నది పైకి సమానత్వంలా కనిపించినా, ఆచరణలో అసమానతను ఏటేటా పెంచే యంత్రాంగమే. వైయక్తిక బోధన కావాలన్న కోరిక వెనక ఈ న్యాయమైన ఆవేదన ఉంది. దాన్ని కాదనలేం.

2. వీధిబడి చెప్పే పాఠం

ఎవరి వేగంతో వారు నడవడం మనకు కొత్త కాదు. వీధిబడిలో ఇప్పటి అర్థంలో తరగతులు లేవు. ఇసుకలో అక్షరాలు దిద్దేవాడూ, గుణింతం చదివేవాడూ, పద్యం అప్పజెప్పేవాడూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పేవాడు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. అవి ఎక్కువగా తెలుగు, కన్నడ బడులే. పెద్ద విద్యార్థి చేత చిన్న విద్యార్థికి చెప్పించే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడుల్లో చూసినదాన్ని తన ఆశ్రమంలో అమలుచేసి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరుపొందింది.

అయితే కాంప్‌బెల్ నివేదికలో రెండో పార్శ్వం కూడా ఉంది. పిల్లలు వల్లించే పద్యాల అర్థం వారికే కాదు, చెప్పే పంతుళ్లలోనే చాలామందికి తెలియదని ఆయన రాశాడు. జిల్లా మొత్తం బడుల్లో ఆడపిల్లలు 60 మంది. అరుగు ఎక్కే హక్కే లేని కులాల సంగతి చెప్పనక్కరలేదు. వీధిబడిని పొగిడేవారు వేగాన్నే చూస్తారు. తెగిడేవారు కంఠస్థాన్నే చూస్తారు. మనం రెంటినీ కలిపి చూడాలి. పిల్లవాడు ఎంత వేగంతో నేర్చుకుంటున్నాడన్నది ఒక ప్రశ్న. ఏం నేర్చుకుంటున్నాడన్నది రెండో ప్రశ్న. అసలు ఎవరికి ప్రవేశం ఉందన్నది మూడో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన మిగతా రెండూ తీరవు. యంత్రం విషయంలోనూ ఈ మూడు ప్రశ్నలే గీటురాళ్లు.

3. యంత్రం చేసే పని

1920లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ ప్రెస్సీ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు, మీట నొక్కి జవాబు ఎంచుకునే చిన్న పెట్టెను తయారుచేశాడు. 1953లో బి.ఎఫ్. స్కిన్నర్ తన కూతురి లెక్కల తరగతిని చూడడానికి వెళ్లి రెండు లోపాలు గమనించాడు. చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లలకు అప్పటికప్పుడు తెలియడం లేదు. వేగంగా చేసేవాళ్లూ, నెమ్మదిగా చేసేవాళ్లూ ఒకే తాడుకు కట్టి ఉన్నారు. దాని ఫలితమే ఆయన బోధన యంత్రం. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా కోసి, పిల్లవాడు దాదాపు తప్పు చెయ్యకుండానే మెట్టెక్కేటట్టు అమర్చడం ఆయన సూత్రం. నార్మన్ క్రౌడర్ దీనికి భిన్నంగా ఆలోచించాడు. తప్పు విలువైనది, ఏ తప్పు చేశాడన్నదాన్ని బట్టి వేరే దారికి పంపాలి అన్నాడు. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ‘ప్లేటో’ అనే కంప్యూటరు బోధన మొదలయింది. అలెగ్జాండరుకు అరిస్టాటిల్ దొరికినట్టు, రేపు లక్షల పిల్లలకు తలా ఒక గురువు దొరుకుతాడని 1966లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు పాట్రిక్ సప్పీస్ ఆశపడ్డాడు.

నేటి సాఫ్ట్‌వేర్ ఈ దారుల కలయికే. లోపల వేల ప్రశ్నల గిడ్డంగి ఉంటుంది. ప్రతి ప్రశ్నకూ అది ఏ భావనకు చెందింది, ఎంత కఠినమైంది అనే చీటీ అంటించి ఉంటుంది. మొదట ఒక పరీక్ష పెట్టి పిల్లవాడి స్థాయిని అంచనా కడుతుంది. ఒప్పు చెబితే పై మెట్టు, తప్పు చెబితే కింది మెట్టు. ప్రతి జవాబుతోనూ అంచనాను సవరించుకుంటుంది. ఇందులో మాయ లేదు. ఓపిక ఉంది, లెక్క ఉంది, విసుగు లేదు. వెనకబడిన పిల్లను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకుండా రెండో తరగతి తీసివేతల దగ్గరికి తీసుకువెళ్లగలదు. ఇది చిన్న మేలు కాదు.

4. ఒప్పు వెనక దాగిన తప్పు

కాని యంత్రం చూసేది జవాబును, ఆలోచనను కాదు. ఈ భేదాన్ని 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ ప్రచురించిన ఒక వ్యాసం పట్టిచ్చింది. అప్పట్లో అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఒక వైయక్తిక బోధన పథకం ఉండేది. కాగితాల మీద నడిచినా సూత్రం ఇదే. పిల్లవాడు తన వేగంతో పాఠం చదువుకుని, పరీక్ష రాసి, జవాబుల పట్టికతో సరిచూశాక ముందుకు పోతాడు. ఎర్ల్‌వాంగర్ ‘బెన్నీ’ అని పేరుపెట్టిన పన్నెండేళ్ల పిల్లవాడు ఆ పథకంలో మంచి విద్యార్థి. పరీక్షలు దాటుకుంటూ పోతున్నాడు. పరిశోధకుడు పక్కన కూర్చుని మాట్లాడించేసరికి అసలు సంగతి బయటపడింది. పదింట రెండును దశాంశంగా రాయమంటే 1.2 అన్నాడు. పదింట ఐదు 1.5 అన్నాడు. పైఅంకెనూ కిందిఅంకెనూ కలిపి మధ్య చుక్క పెట్టడం అతను స్వయంగా కనిపెట్టుకున్న సూత్రం. లెక్కలంటే ఎవరో ఎక్కడో చేసిపెట్టిన నియమాలనీ, జవాబుల పట్టికలో ఉన్న రూపాన్ని వెతికి పట్టుకోవడమే చదువనీ అతను నమ్మాడు.

బెన్నీ మందబుద్ధి కాదు. చురుకైనవాడు కాబట్టే అన్ని నియమాలు అల్లుకున్నాడు. ‘ఎందుకలా చేశావు?’ అని అడిగే మనిషి లేకపోవడమే లోపం. పక్కవాడితో వాదించే అవకాశం ఉంటే ఆ నియమం పది నిమిషాలు నిలిచేది కాదు. ఎవరి దారిన వారిని పంపే పద్ధతి ఆ వాదనను కూడా తీసేసింది.

5. అనుభవం ఏం చెబుతోంది

వదోదర, ముంబయి నగరాల్లో 2000ల తొలినాళ్లలో ‘ప్రథమ్’ సంస్థ చేసిన పనిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితరులు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. వదోదరలో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటరు మీద లెక్కల ఆటలు ఆడారు. లెక్కలు బాగా మెరుగయ్యాయి. ఆ కార్యక్రమంతోపాటే ‘బాలసఖి’ అనే మరో పద్ధతినీ పరీక్షించారు. స్థానిక యువతి ఒకరు వెనకబడిన పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టుకుని, వారికి రాని చోటినుంచి చెప్పడమే ఆ పద్ధతి. పెట్టిన ఖర్చుతో పోలిస్తే బాలసఖిదే పైచేయి. రెండు పద్ధతుల్లోనూ, కార్యక్రమం ఆగిన ఏడాదికి లాభంలో పెద్దభాగం కరిగిపోయింది.

గుజరాత్‌లోనే లీ లిండెన్ 2008లో ప్రకటించిన పరిశీలన మరింత సూటిగా ఉంది. బడి వేళ తర్వాత అదనంగా ఇచ్చిన కంప్యూటరు పాఠం మేలు చేసింది. అదే కంప్యూటరు టీచరు చెప్పే సమయాన్ని మింగినచోట పిల్లల చదువు దిగజారింది. మొదట చెప్పుకున్న ఢిల్లీ అధ్యయనంలో ‘మైండ్‌స్పార్క్’ సాఫ్ట్‌వేర్‌ను బడి తర్వాత కేంద్రాల్లో వాడారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ అభివృద్ధి కనిపించింది. కాని ఆ తొంభై నిమిషాల్లో సగం సేపే యంత్రం. మిగతా సగం చిన్న గుంపుతో కూర్చుని మనిషి చెప్పాడు. లాటరీలో పేరు వచ్చిన పిల్లలకే ఆ ప్రవేశం దొరికిందన్నదీ గుర్తుంచుకోవాలి.

దీనికి ఎదురుదిక్కు అమెరికాలో కనిపించింది. ‘సమ్మిట్ లెర్నింగ్’ అనే పద్ధతిని ఫేస్‌బుక్ ఇంజనీర్ల సాయంతో తయారుచేసి బడులకు ఉచితంగా ఇచ్చారు. కాన్సాస్ రాష్ట్రంలోని వెల్లింగ్టన్ వంటి చిన్న పట్టణాల్లో 2018–19లో పిల్లలూ తల్లిదండ్రులూ దాన్ని ఎదిరించారు. రోజంతా తెర ముందు ఒంటరిగా కూర్చోలేమన్నారు. 2018 నవంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో విద్యార్థులు తరగతుల నుంచి బయటికి నడిచారు. యంత్రంతోపాటు వస్తుందన్న గురువు సాన్నిహిత్యం తమకు అందలేదన్నది వారి ఫిర్యాదు.

మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి సుమారు ఐదు లక్షల ట్యాబులు పంచింది. వాటిలోని పాఠాలు బైజూస్ సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలయింది. పలక విరిగితే మరో పలక కొనుక్కోవచ్చు. పాఠమే ఒక కంపెనీ ఖాతాపుస్తకం మీద ఆధారపడితే, బడి ఎవరి చేతిలో ఉన్నట్టు?

6. తెలుగు తరగతిలో

లెక్కల్లోనే ఒప్పు వెనక తప్పు దాగితే, భాషలో తప్పు వెనక ఒప్పు దాగుతుంది. ‘అతడు వెళ్లాడు’ అన్నది జవాబుల పట్టికలోని రూపమనుకుందాం. పాలమూరు పిల్ల ‘పోయిండు’ అని రాస్తుంది. అనంతపురం పిల్లవాడు ‘పోయినాడు’ అంటాడు. శ్రీకాకుళం పిల్ల ‘ఎల్లినాడు’ అంటుంది. యంత్రానికి మూడూ తప్పులే. ముగ్గుర్నీ కింది మెట్టుకు పంపుతుంది. వైయక్తికమని పేరుపెట్టుకున్న పద్ధతి, వ్యక్తి నోట ఉన్న మొదటి మాటనే కొట్టేస్తుంది. ఆడే భాషకు బడిలో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. పిల్లల దగ్గరికి బోధన వెళ్లడమంటే అది.

కథాపాఠం సంగతి మరీ చిక్కు. ‘రైతు ఊరెందుకు విడిచాడు?’ అన్న ప్రశ్నకు కరువు, అప్పు, కొడుకు చదువు, నగరం మీద మోజు అని నాలుగు జవాబులిస్తే, వలస బస్సు ఎక్కిన కుటుంబంలోంచి వచ్చిన పిల్ల దేన్ని ఎంచుకోవాలి? ఆమెకు తెలిసిన జవాబు అయిదోది. అందులో మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంటుంది, ఇంటి దగ్గర వదిలొచ్చిన ముసలమ్మ ఉంటుంది. ఆ జవాబును తరగతి మొత్తం వినాలి. పట్నం పిల్లవాడు దాన్ని విని తన జవాబు మార్చుకోవాలి. సాహిత్యం తరగతిలో చేసే పని అదే. తలా ఒక తెర ఇచ్చి, తలా ఒక కథ చదివిస్తే ఈ వినడం పోతుంది.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక, యంత్రం నాలుగు జవాబుల పంజరం దాటింది. సొంత మాటల్లో రాసినదాన్ని చదివి సంభాషించగలుగుతోంది. బెన్నీని ‘ఎందుకలా?’ అని అడగగలదు కూడా. ఇది నిజమైన ముందడుగు. అయితే అది నేర్చేది రాసిపెట్టిన భాష నుంచి. మనం ఏ తెలుగు రాసి అచ్చువేశామో, ఏ మాండలికాలను అచ్చు బయటే నిలబెట్టామో, ఆ లెక్కే దాని తెలుగులోనూ తేలుతుంది.

7. రచయితల ముందున్న పని

కాబట్టి యంత్రాన్ని పూజించనక్కరలేదు, పగలగొట్టనక్కరలేదు. అక్షరం కూడబలుక్కునే పిల్లకూ, లెక్క తప్పే పిల్లవాడికీ అది మంచి తోడు. ఉపాధ్యాయుడి వేళను మిగిల్చేచోట ఉండనివ్వాలి. ఆ వేళను మింగేచోట అడ్డుకోవాలి. ప్రశ్నలూ జవాబులూ ఎవరు రాశారో ఉపాధ్యాయులకు తెలియాలి. దిద్దే హక్కు వారికుండాలి. పాఠం ప్రజల సొత్తుగా ఉండాలి. గడువు తీరితే మూతపడే సరుకుగా కాదు.

ఇక మన వంతు. పదేళ్ల వయసుండీ రెండో తరగతి స్థాయిలో మాత్రమే చదవగల పిల్లలు లక్షల్లో ఉన్నారు. వారి అనుభవానికి పదేళ్లు, వారి చదువుకు రెండేళ్లు. అలాంటి పిల్ల కోసం చిన్న వాక్యాల్లో పెద్ద సంగతి చెప్పే కథలు తెలుగులో ఎన్ని ఉన్నాయి? కాకీ నక్కా కథ ఆమెకు చిన్నతనంగా ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని కథ కొరుకుడు పడదు. ఈ ఖాళీని ప్రశ్నల గిడ్డంగి నింపలేదు. ఆమె మాటలో, ఆమె ఊరి సంగతులతో ఎవరైనా రాయాలి. రాసేవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలోనే ఉన్నారు.