పాత డీజిల్ పికప్ కొంటున్నారా? ముందు పొగ చూడండి

కూరగాయలు మార్కెట్‌కు తోలడానికి పాత డీజిల్ పికప్ కొనాలనుకునే రైతులు పైరంగు చూసి మోసపోరాదు. ఇంజన్ బాగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వేడెక్కాక కూడా నీలిపొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలిపోతోందన్నమాట. రింగులు అరిగి ఉండొచ్చు. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూపించాలి. తెల్లపొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే ఆ బండి జోలికి పోవద్దు.

విదేశీ ఇంజన్ అని బ్రోకర్ ఎంత పొగిడినా, దాని స్పేర్ పార్టులు దగ్గర్లో దొరుకుతాయో లేదో మీ మెకానిక్‌ను అడగండి. కోతల వేళ బండి షెడ్డుకు చేరితే నష్టపోయేది మీరే.

ఫైనాన్స్ బాకీ తీరిందో లేదో ఆర్.సి.లో చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కొన్న 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి.