నూటికి ఇద్దరు, ముప్పై రోజుల నోటీసు

2019 నవంబరు నుంచి 2020 మార్చి దాకా ప్యూ రీసెర్చ్ సెంటర్ దేశంలో దాదాపు 30,000 మంది పెద్దవాళ్లను పలకరించింది. పెళ్లయిన హిందువుల్లో 99 శాతం, ముస్లింలలో 98 శాతం మంది తమ జీవిత భాగస్వామిదీ తమ మతమేనన్నారు. తమ ఆడపిల్లలు వేరే మతంవాళ్లను చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని చెప్పినవాళ్లు హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం. జరుగుతున్న మతాంతర పెళ్లిళ్లు నూటికి ఒకటో రెండో. భయం మాత్రం ఇంటింటా ఉంది.

ఆ 98, 99 లెక్కలో ఒక మెలిక ఉంది. సర్వే అడిగింది ఇప్పటి మతం. పెళ్లికి ముందు ఒకరు మతం మారితే ఆ జంట ఒకే మతం ఖాతాలో పడుతుంది.

ఖైరున్నీసా పెళ్లి కూడా అలాంటి ఖాతాలోకే వెళ్లేది. ఆమెది ఇరాన్‌లోని షుష్తర్ నుంచి వచ్చి హైదరాబాద్ పాతబస్తీలో స్థిరపడ్డ సయ్యదుల కుటుంబం. తర్వాత నిజాం దివాన్ అయిన మీర్ ఆలం వాళ్ల బంధువే. 1800 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి ఆమెను నిఖా చేసుకున్నాడు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ పంపేశారు. అదే ఏడాది కలకత్తాలో ఆయన చనిపోయాడు. పిల్లలకు ఇంగ్లండ్‌లో బాప్టిజం ఇచ్చి క్రైస్తవ పేర్లు పెట్టారు. 1813లో కన్నుమూసేదాకా తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. ప్రేమ గెలిచిన కథగా దీన్ని చెప్పుకుంటాం గానీ, పిల్లలను పోగొట్టుకున్న ఆ తల్లి గురించి ఎవరూ మాట్లాడరు.

వలస వచ్చినవాళ్లు ఊరివాళ్లైపోయింది ఇలాంటి అరుదైన పెళ్లిళ్లతో కాదు. హైదరాబాద్‌లోని బార్కస్‌నే చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బుల్లో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఇక్కడి ఆడవాళ్లనే చేసుకున్నారు. ఇంటిపేర్లలో 'బిన్', 'బా' మిగిలాయి, ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ అయింది. 1948 పోలీసు చర్య తర్వాత చాలామందిని అరేబియాకు తిప్పి పంపేశారు. అయినా బార్కస్ నిలిచింది. మతం ఒకటే కాబట్టి దేశాల మధ్య దూరం రెండు తరాల్లో కరిగిపోయింది. మతాల మధ్య దూరం అలా కరగదు. 2011 లెక్కల్లో 43 శాతం పైగా ముస్లింలున్న హైదరాబాద్ జిల్లాలో కూడా, బేరసారాల్లో, ఇరుగుపొరుగులో కలిసిపోయేవాళ్లు పెళ్లి మాట దగ్గర ఆగిపోతారు.

హిందువూ ముస్లిమూ ఎవరి మతంలో వాళ్లుండి పెళ్లి చేసుకోవాలంటే దారి ఒక్కటే: 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఒక్కరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసులో పేరు, వయసు, వృత్తి, చిరునామా, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నదీ రాయాలి. వివాహ అధికారి దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటిస్తాడు. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఒక నకలు అక్కడికీ వెళ్లి గోడకెక్కుతుంది. పుట్టింటికి తెలియకూడదని పట్నం వచ్చిన అమ్మాయి చిరునామా పుట్టిన జిల్లా కార్యాలయంలోనే వేలాడుతుందన్నమాట.

30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వయసు, మతిస్థిమితం, దగ్గరి చుట్టరికం, బతికున్న మొదటి భాగస్వామి లాంటి కారణాలే చెల్లుతాయి. మతం అభ్యంతరానికి కారణం కాదు. అభ్యంతరం వస్తే విచారణకు మరో 30 రోజులు. మూడు నెలల్లో పెళ్లి కాకపోతే మొత్తం మొదటికొస్తుంది. ఈ గడువుకు భయపడే చాలా జంటలు నిఖాకో, ఆర్యసమాజ్ పెళ్లికో వెళ్తాయి. ఒకరు మతం మారతారు. సర్వేలో మళ్లీ ఒకే మతం జంటగా లెక్కకొస్తారు.

భయం ఉత్తిది కాదు. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, ముస్లిం అమ్మాయిని చేసుకున్న దళిత యువకుణ్ణి ఆమె అన్నే నడిరోడ్డు మీద చంపాడు. పెళ్లయి నాలుగు నెలలు కూడా కాలేదు.

2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట రాతపూర్వకంగా కోరితేనే నోటీసు ప్రచురించాలని తీర్పిచ్చింది. చట్టంలోని అక్షరం మాత్రం మారలేదు. వయసు, పాత పెళ్లిళ్ల సంగతి ఆధార పత్రాలతో తేల్చుకోవచ్చు. దానికి అమ్మాయి చిరునామా గోడకెక్కించే అవసరం లేదు. పార్లమెంటు ఆ నిబంధనను తీసేయాలి.